ఆ 'ఎందుకు' కూడా చెప్పండి: చరిత్ర చెబుతున్న కోచింగ్ సెంటర్ల అధ్యాపకులకు బహిరంగ లేఖ

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో పోటీ పరీక్షలకు చరిత్ర చెబుతున్న అధ్యాపకులకు, బిట్ బ్యాంకులు రాసి అచ్చువేస్తున్నవారికి,

నమస్కారం.

నేను కావలిలో ఉంటాను. ముప్పై ఏళ్ళకు పైగా జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మా మేడమీద గదిలో ముగ్గురు ఆడపిల్లలు అద్దెకుండి గ్రూప్-2కి చదువుకుంటున్నారు. పోయిన నెలలో ఒక రాత్రి కరెంటు పోతే, మా ఇన్వర్టర్ లైటు వెలుగుకోసం ఒక అమ్మాయి కిందికొచ్చి వసారా మెట్లమీద కూర్చుంది. చేతిలో బిట్ బ్యాంకు, ఆకుపచ్చ స్కెచ్ పెన్ను. '1949 జనవరి 1 – కాశ్మీర్‌లో కాల్పుల విరమణ' అన్నదాని కింద గీత గీసింది. చాలా పేజీల తర్వాత, 'ప్రథములు' అన్న అధ్యాయంలో, '1949 జనవరి 15 – తొలి భారతీయ సైన్యాధిపతి కరియప్ప' అన్నదాని కిందా గీసింది.

"ఈ రెంటికీ మధ్య రెండు వారాలే ఉంది కదమ్మా, గమనించావా?" అని అడిగాను.

"అవి వేరే వేరే టాపిక్స్ మేడమ్. నాకూ డౌటొచ్చి క్లాసులో అడిగాను. అది పరీక్షలో రాదు, టైమ్ వేస్ట్ చేసుకోవద్దన్నారు" అంది.

ఆ మాట అన్న అధ్యాపకుడెవరో, ఆ సెంటరేదో నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు, ఆ మాట ఎక్కడైనా వినిపించేదే. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక సంగతి చెప్పాలి. బిట్లంటే నాకు చిన్నచూపు లేదు. ఆ అమ్మాయి నాన్న జలదంకి దగ్గర రెండెకరాలు కౌలుకు చేస్తాడు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక పరీక్ష ఎన్నిసార్లు వాయిదా పడుతుందో తెలియదు. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. ఆ టెన్షన్‌లో ఉన్న పిల్లకు తారీఖులు గుర్తుండేలా చెప్పడం మీ పని, ఆ పని మీరు కష్టపడి చేస్తున్నారు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి రాత్రి తొమ్మిదిదాకా గొంతు పోయేలా చెప్పేవాళ్ళను నేనెరుగుదును. నా బాధల్లా ఒకటే. 1947 నుంచి 1972 దాకా పాతికేళ్ళలో ఈ దేశం తీసుకున్న ప్రతి పెద్ద నిర్ణయానికీ ముందొకటి, వెనకొకటి ఉంది. మీ పుస్తకాల్లో పూలన్నీ ఉన్నాయి, దారమే లేదు.

ఆ అమ్మాయికి ఆ రాత్రి నేను చెప్పింది మీకూ చెబుతాను.

1947 అక్టోబర్ 22న వాయవ్యం నుంచి గిరిజన దండు కాశ్మీర్‌లోకి చొరబడింది. 26న మహారాజా హరిసింగ్ విలీనపత్రం మీద సంతకం చేశాడు. 27 తెల్లవారుతుండగా ఢిల్లీ నుంచి డకోటా విమానాల్లో ఒకటో సిక్కు బెటాలియన్ శ్రీనగర్ బయల్దేరింది. విమానాశ్రయం అప్పటికి ఎవరి చేతిలో ఉందో ఎక్కినవాళ్ళకు తెలియదు. పైనుంచి చూసుకుని, మనదేనని నమ్మకం కుదిరితేనే దిగాలి, లేకపోతే జమ్మూ పోవాలి. దిగారు. ఆ దళాన్ని నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ దివాన్ రంజిత్ రాయ్ బారాముల్లా వైపు ఎదురెళ్ళి ప్రాణాలు వదిలాడు. దండు బారాముల్లాలో దోపిడీకి దిగి ఆలస్యం చేయకపోయి ఉంటే, విమానాలు వచ్చేసరికి శ్రీనగర్ మిగిలి ఉండేదా అన్నది ఇప్పటికీ చరిత్రకారులు వేసుకునే ప్రశ్నే.

అప్పుడు మన సైన్యానికి అధిపతి ఎవరు? బ్రిటిష్ జనరల్. పాకిస్తాన్ సైన్యానికి? అక్కడా బ్రిటిష్ జనరలే. నిన్నమొన్నటిదాకా ఒకే మెస్సులో భోంచేసిన అధికారులు రెండు వైపులా ఉన్నారు. పాక్ సైన్యాన్ని వెంటనే కాశ్మీర్ పంపమని జిన్నా అంటే, తాత్కాలికంగా సేనాధిపతి బాధ్యత చూస్తున్న గ్రేసీ వెనకాడాడు. సుప్రీం కమాండర్ ఆకిన్‌లెక్ లాహోర్ వెళ్ళి, అలా చేస్తే బ్రిటిష్ అధికారులందరినీ ఉపసంహరించుకోవలసి వస్తుందని చెప్పాడు. ఇరవై ఎనిమిదో తారీఖు నాటి ఈ ముచ్చట తెలిస్తే, 1949 జనవరి 1న యుద్ధం ఆగిన నాటికి కూడా మన సైన్యాధిపతి బుచర్ అనే బ్రిటిష్ వాడేనని తెలిస్తే, ఆ నెల 15న కరియప్ప ఆ కుర్చీలో కూర్చోవడం ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది. ఆర్మీ డే జనవరి 15న ఎందుకు చేస్తామో ఇక వేరే బట్టీ పట్టాల్సిన పని ఉండదు. అది 'ప్రథములు' అధ్యాయంలో ఒంటరిగా పడి ఉండాల్సిన తారీఖు కాదు.

ఇంకా దగ్గరగా ఒక వాక్యం చూపిస్తాను. 1949 జూలై 27న కరాచీలో రెండు దేశాల సైనిక ప్రతినిధులు ఐక్యరాజ్యసమితి సమక్షంలో కాల్పుల విరమణ రేఖను ఊరూరా, కొండ కొండా పేరుపెట్టి గీసుకున్నారు. ఆ రేఖ మ్యాపులో ఎన్‌జె 9842 అన్న చోటుకు వచ్చాక, ఆపైన ఏముందో కొలిచే ఓపిక ఎవరికీ లేకపోయింది. మంచుకొండల్లో మనుషులుండరు, గొడవా ఉండదనుకున్నారు. 'అక్కడినుంచి ఉత్తరంగా హిమనదాల దాకా' అని రాసి ఊరుకున్నారు. ఆ ఒక్క వాక్యానికి ఒకరు ఒక అర్థం, మరొకరు మరో అర్థం చెప్పుకున్న ఫలితం, 1984 ఏప్రిల్ 13న సియాచిన్ హిమనదాన్ని చేతిలోకి తీసుకోవడానికి మన సైన్యం మొదలుపెట్టిన ఆపరేషన్ మేఘదూత్. సియాచిన్‌లో ఈ రోజుకీ మన కుర్రాళ్ళు ఇరవై వేల అడుగుల ఎత్తున చలిలో నిలబడుతున్నారు. కరాచీ ఒప్పందం మీ పుస్తకంలో ఒక పేజీలో, మేఘదూత్ ఇంకెక్కడో ఉన్నాయి. పొలం గట్టు దగ్గర సర్వేరాయి సరిగ్గా పాతకపోతే రెండు తరాలు కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మన పల్లెల్లో ఎన్ని లేవు! కౌలు రైతు కూతురికి ఈ పోలిక చెబితే చాలు, జన్మలో మర్చిపోదు. ఆ అమ్మాయి మర్చిపోలేదు.

ఐక్యరాజ్యసమితి సంగతీ ఇంతే. మనం 1948 జనవరి 1న ఫిర్యాదు చేశామని చెబుతారు. ఏ అధికరణం కింద చేశామో చెప్పరు. 35వ అధికరణం, ఆరో అధ్యాయం: వివాదాలను శాంతియుతంగా తేల్చుకోవడానికి ఉద్దేశించింది. దురాక్రమణమీద చర్య కోరే ఏడో అధ్యాయం కింద అడగలేదు. దాంతో అక్కడ మనం ఫిర్యాదుదారుగా కాకుండా, ఒక తగవులో ఒక పక్షంగా నిలబడాల్సి వచ్చింది. ఏప్రిల్ 21న వచ్చిన 47వ తీర్మానంలో ప్రజాభిప్రాయ సేకరణ మాట ఉందని అందరికీ తెలుసు. అందులో వరస ఉంది: ముందు పాకిస్తాన్ తన వాళ్ళను వెనక్కి పిలిపించాలి, తర్వాత మనం సైన్యాన్ని కనీస స్థాయికి తగ్గించాలి, ఆ తర్వాతే ప్రజల అభిప్రాయం. ఈ వరస తెలియని డిగ్రీ పిల్లలను నేను ఎంతమందిని చూశానో.

హైదరాబాద్ కథను ఈ ఫిర్యాదుతో జోడించి చెప్పండి. సమితి మెట్లెక్కితే ఏమవుతుందో ఢిల్లీ పెద్దలు ఆ ఏడాది కాశ్మీర్ విషయంలో కళ్ళారా చూస్తున్నారు. ఆగస్టులో నిజాం కూడా అక్కడికే ఫిర్యాదు పంపాడు. భద్రతామండలి దాన్ని సెప్టెంబర్ 16న చేతిలోకి తీసుకునేనాటికి మన సైన్యం షోలాపూర్ వైపునుంచి, బెజవాడ వైపునుంచి లోపలికి వెళ్ళి మూడు రోజులైంది. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. అయిదు రోజుల్లో ముగించాలన్న తొందర ఎందుకో, 'పోలీసు చర్య' అన్న పేరు ఎందుకో ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు: వేరే దేశంతో యుద్ధమని ఒప్పుకుంటే అది సమితి పరిధిలోకి పోతుంది. ఆ తర్వాత జరిగిన ఘోరం కూడా చెప్పండి. మరాఠ్వాడా వైపు వేలమంది ముస్లింలు చనిపోయారని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీయే నివేదిక ఇచ్చింది. అది దశాబ్దాలపాటు బయటికి రాలేదు. రజాకార్ల దౌర్జన్యాలు చెప్పి ఇది చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

ఇక మన జిల్లాలకు వస్తాను. నాకు కడుపుమండేది ఇక్కడే.

'జేవీపీ కమిటీలో సభ్యులెవరు?' అన్న బిట్టు లేని పుస్తకం లేదు. భాషా రాష్ట్రాల సంగతి చూడమని కాంగ్రెస్ వేసిన కమిటీ అది: జవహర్‌లాల్, వల్లభాయ్, పట్టాభి. సరే. భాషా రాష్ట్రాలు ఇప్పుడొద్దని ఆ ముగ్గురూ ఎందుకన్నారు? కాంగ్రెస్ అంతకు పాతికేళ్ళకు పైబడి ఇస్తామంటూ వచ్చిన మాట కదా అది. నివేదిక వచ్చింది 1949 ఏప్రిల్‌లో. మూడు నెలల కిందటే కాశ్మీర్‌లో తుపాకులు ఆగాయి. ఏడు నెలల కిందట హైదరాబాద్. దేశం రెండు ముక్కలై రెండేళ్ళు కూడా కాలేదు, శరణార్థుల శిబిరాలు ఇంకా నిండుగా ఉన్నాయి. మళ్ళీ గీతలు గీయడమంటేనే వాళ్ళకు భయం పట్టుకుంది. ఆంధ్ర విషయంలో మాత్రం మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే చూద్దామన్నారు. ఆ భయానికి, ఆ షరతుకి మధ్య నలిగి చనిపోయినవాడు మన పొట్టి శ్రీరాములు. కాశ్మీర్ యుద్ధానికీ, 1952 డిసెంబర్ 15 రాత్రికీ మధ్య ఉన్న ఈ దారిని ఒక్క బిట్ బ్యాంకు కూడా చూపించదు.

శ్రీరాములుగారి పూర్వీకులది కనిగిరి వైపు పడమటిపల్లి. అప్పట్లో అది నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని నిరాహారదీక్ష చేసి సాధించాడు. చివరి ఏళ్ళలో చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా, ఒంటిమీద అట్టలు తగిలించుకుని మండుటెండలో నెల్లూరు వీధుల్లో తిరిగేవాడు. ఆ అట్టలమీద ఉండేది అంటరానితనం పోవాలన్న రాతలు. మన పిల్లలు ఈయన్ని '58 రోజులు' అన్న అంకెగా మాత్రమే ఎరుగుదురు. జిల్లాకు పేరుంది, బస్టాండుల దగ్గర విగ్రహాలున్నాయి. నెల్లూరులో కోచింగ్‌కు వచ్చే పిల్లల్లో మూలాపేట గుడి చూసినవాళ్ళు ఎందరున్నారు? మీ క్లాసులనుంచి ఆటోలో వెళితే ఎంతసేపు పడుతుంది?

ఇంకొకటి, మీ సెంటర్లలో ఎవరికైనా ఆసక్తి పుట్టించేది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. (ఈమధ్య ఒక పుస్తకంలో ఆయన్ని 'ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి' అని వేశారు. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబర్ 1న, దానికి మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. దయచేసి దిద్దండి, ఒక తప్పు జవాబు ఒక పిల్ల ఏడాదిని మింగేస్తుంది.) ఏడాది గడిచీ గడవకముందే, మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు. కమ్యూనిస్టులు గెలుస్తారని దేశమంతా అనుకుంది. మన అలగానిపాడు పుచ్చలపల్లి సుందరయ్యగారు వాళ్ళ నాయకుల్లో ముందువరసలో ఉన్నారు. సరిగ్గా అప్పుడు, జనవరి 26న, మాస్కోలో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్‌వాళ్ళు దాన్ని అచ్చువేసి ఆంధ్రలో పంచారు. 'మీ మాస్కోయే మా నెహ్రూను పొగుడుతుంటే మీరు తిడతారేం?' అన్న ప్రశ్నకు ఇక్కడి కమ్యూనిస్టుల దగ్గర జవాబు లేకపోయింది. ఓట్లు దాదాపు మూడో వంతు వచ్చినా 196 సీట్లలో వాళ్ళకు దక్కింది 15. అదొక్కటే కారణమని నేననను. కాంగ్రెస్, దాని మిత్రులు ఒక్కటవడం, పత్రికల ప్రచారం, ఇంకా చాలా ఉన్నాయి. కానీ మాస్కోలో అచ్చైన ఒక పేజీ మన పల్లెల్లో ఓట్ల లెక్కలోకి వచ్చిందన్నది నిజం. బుచ్చిరెడ్డిపాళెం బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయింది ఆ ఎన్నికల తర్వాతే.

ప్రావ్దా ఎందుకు మెచ్చుకుంది? దీనికీ వెనక ఒక నెల్లూరు పేరుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949 నుంచి 1952 దాకా మాస్కోలో మన రాయబారి. ఆయన పుట్టింది తిరుత్తణి వైపైనా ఇంటిపేరు మన వెంకటాచలం పక్కనున్న సర్వేపల్లిదే. ఆయనకు ముందు రాయబారిగా ఉన్న విజయలక్ష్మీ పండిట్‌ను స్టాలిన్ ఒక్కసారీ కలవలేదు. భారత్ ఇంకా బ్రిటన్ చెప్పుచేతల్లోనే ఉందని వాళ్ళ అనుమానం. ఈ తత్వశాస్త్రం పంతులును మాత్రం స్టాలిన్ రెండుసార్లు పిలిచి మాట్లాడాడు. ఆ తర్వాత కొరియా యుద్ధంలో మనం ఎవరి పక్షమూ పట్టకుండా మధ్యవర్తిగా నిలవడం, ఖైదీల అప్పగింత సంఘానికి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు కావడం, ఇవన్నీ మాస్కో చూపును మార్చాయి. 1955 చివర క్రుశ్చేవ్, బుల్గానిన్ మన దేశమంతా తిరిగారు. శ్రీనగర్‌లో నిలబడి కాశ్మీర్ భారత్‌దేనన్నారు. ఆ మాట భద్రతామండలిలో వీటోలుగా మారింది: 1957లో, 1961లో గోవా అప్పుడు, 1962లో. 1971లో అయితే ప్రాణం నిలిపింది.

1962 దగ్గర కొంచెం ఆగుతాను. ఆ గాయం గురించి మాట్లాడటం మనకెవరికీ ఇష్టముండదు, అందుకే త్వరగా పేజీ తిప్పేస్తాం. పంచశీల 1954 ఏప్రిల్ 29, చైనా దాడి 1962 అక్టోబర్ 20, విరమణ నవంబర్ 21, అయిపోయింది. మధ్యలో ఏముంది? 1959 మార్చిలో దలైలామా రావడం, ఆ అక్టోబర్ 21న లద్దాఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర మన పోలీసులు పదిమంది చనిపోవడం. ప్రతి ఏటా అదే రోజున జిల్లా పోలీసు పెరేడ్ గ్రౌండులో అమరవీరుల దినం చేస్తారు. ఎస్సై పరీక్షకు చదివే పిల్లలు మీ దగ్గరే ఉన్నారు. వాళ్ళు రేపు ఆ పెరేడ్‌లో తుపాకి తలకిందులు చేసి తల వంచి నిలబడతారు. ఎవరికోసమో వాళ్ళకు తెలియాలి కదా.

1962 అక్టోబర్ 26న అత్యవసర పరిస్థితి ప్రకటించిన రాష్ట్రపతి, సర్వేపల్లి రాధాకృష్ణన్. యుద్ధ వార్తలు చదివిన ఆకాశవాణికి మంత్రి, బుచ్చిరెడ్డిపాళెం గోపాలరెడ్డి. ఇదే యుద్ధం గురించిన తగవు ముదిరి, ఇతర విభేదాలతో కలిసి 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలితే, కొత్త పార్టీకి తొలి ప్రధాన కార్యదర్శి అలగానిపాడు సుందరయ్య. ఒకే యుద్ధం, మూడు నెల్లూరు పల్లెల పేర్లు. మీ పుస్తకాల్లో ఈ ముగ్గురూ మూడు అధ్యాయాల్లో ఉన్నారు. ఇంకోమాట, ఏడేళ్ళ కిందట నెహ్రూను మెచ్చుకున్న అదే ప్రావ్దా, 1962 అక్టోబర్ 25న చైనా ప్రతిపాదనలను సమర్థిస్తూ రాసింది. అప్పుడు మాస్కో క్యూబా గొడవలో పీకలదాకా మునిగి ఉంది, చైనాతో తెగదెంపులు చేసుకునే తీరిక లేదు. దేశాల స్నేహం ఎంతవరకో పిల్లలకు చెప్పడానికి ఈ రెండు సంపాదకీయాలు పక్కపక్కన పెడితే చాలు.

1965 పాకిస్తాన్ యుద్ధం గురించి ఎక్కువ రాయను. ఆగస్టు 28న ఎంతో కష్టపడి ఎక్కిన హాజీపీర్ కనుమను 1966 జనవరి 10 తాష్కెంట్ ఒప్పందంతో తిరిగి ఇచ్చేశామన్నది, శాస్త్రిగారి మరణం మాటున పాఠంలోంచి జారిపోతోంది. ఆ ఒక్కటి చేర్చండి.

1971 మాత్రం నాకు పుస్తకం కాదు. మా మేనమామ సైన్యంలో వంతెనలు, దారులు కట్టే దళం మద్రాస్ సాపర్స్‌లో ఉండేవాడు. ఆ ఏడాది ఆయన ఉత్తరాలు ఇన్‌లాండ్ కవర్లలో వచ్చేవి, అడ్రసు స్థానంలో 'కేరాఫ్ 56 ఏపీవో'. సైన్యం తపాలాకు అదొక గుర్తు, ఎక్కడున్నాడో బయటికి తెలియకుండా. మా అమ్మమ్మ అది ఊరి పేరనుకునేది. "ఆ యాభయ్యారు ఎంత దూరం నాయనా? బస్సు పోతుందా?" అని పోస్టుమాన్‌ను అడిగేది. ఆయన పాపం ఏం చెప్పగలడు. "దూరమేలే పెద్దమ్మా" అని ఉత్తరం చదివిపెట్టి వెళ్ళేవాడు. సెప్టెంబర్‌లో వచ్చిన ఒక ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. 'నేను క్షేమం. ఇక్కడ నీళ్ళు ఎక్కువ. మన పెన్నకు వరదొచ్చినప్పుడు ఎట్టా ఉంటుందో, ఇక్కడ ఎటు చూసినా అట్టా ఉంది' అని రాశాడు. అంతకుమించి రాస్తే పైవాళ్ళు కొట్టేస్తారు.

మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మారణకాండ మొదలుపెట్టింది. దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. యుద్ధం డిసెంబర్‌లో జరిగింది. ఈ తొమ్మిది నెలలు ఎందుకు ఆగామన్నది నేను ముప్పై ఏళ్ళు క్లాసులో అడిగిన ప్రశ్న. మా మేనమామ ఉత్తరంలో సగం జవాబు ఉంది. వానల్లో ఆ నేలమీద ట్యాంకు కదలదు. "వాగు దాటితే ఇంకో వాగు పాపా, వంతెన కట్టి ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ నీళ్ళే" అనేవాడు తర్వాత నాతో. చలికాలమైతే నీళ్ళు తీస్తాయి, హిమాలయాల కనుమలు మంచుతో మూసుకుపోతాయి కాబట్టి ఉత్తరంనుంచి చైనా దిగడం కష్టం. మిగతా సగం జవాబు ఆగస్టు 9న ఢిల్లీలో సంతకమైన భారత్-సోవియట్ ఒప్పందం. మాస్కోలో రాధాకృష్ణన్ కాలంనుంచి పేనుతూ వచ్చిన తాడు అది. డిసెంబర్‌లో భద్రతామండలిలో యుద్ధం ఆపమన్న తీర్మానాలను సోవియట్ వరసగా వీటో చేయబట్టే, మన సైన్యానికి ఢాకా చేరే వ్యవధి దొరికింది. 16న లొంగుబాటు, దాదాపు 93,000 మంది మన చేతికి చిక్కారు. 'ఒప్పందం ఆగస్టు 9' ఒక బిట్టు, 'లొంగుబాటు డిసెంబర్ 16' ఒక బిట్టు. వాటి మధ్య ఉన్నది వానాకాలం, మంచు, వీటోలు, మా మేనమామ కట్టిన వంతెనలు.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి కూడా జాగ్రత్తగా చెప్పండి. విశాఖ దగ్గర మునిగిందన్నది నిజం. రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ చార్జీలతో మునిగిందని మన నౌకాదళం మాట, తనలోనే పేలుడు జరిగి మునిగిందని పాకిస్తాన్ మాట. రెండూ చెబితే మన నౌకాదళం గౌరవం ఏమీ తగ్గదు. ఒక సంఘటనకు ఇద్దరి కథనం ఉంటుందని పిల్లలకు తెలుస్తుంది.

ఇప్పుడు నేను కోరేవి చెబుతాను, పెద్దవేమీ కావు. కొత్త ఎడిషన్ వేసేటప్పుడు ముఖ్యమైన ప్రతి తారీఖు కింద రెండే రెండు లైన్లు చేర్చండి: దీనికి ముందు ఏం జరిగింది, దీనివల్ల ఏమైంది. పుస్తకం మరో ముప్పై పేజీలు పెరుగుతుందేమో. పెరగనివ్వండి, ధర పదో ఇరవయ్యో పెంచినా ఎవరూ తప్పు పట్టరు. వరసక్రమంలో అమర్చమనే ప్రశ్నలు, సరైన వాక్యాలు ఏవని అడిగే ప్రశ్నలు పరీక్షల్లో వస్తూనే ఉన్నాయి. గ్రూప్-1 మెయిన్స్‌లో అయితే పేజీలు పేజీలు కారణాలే రాయాలి. కాబట్టి ఇది టైమ్ వేస్ట్ అన్న మాట పరీక్ష కోసమైనా నిలవదు. క్లాసులో గోడకు ఒక మ్యాపు తగిలించండి. నెలకో ఆదివారం పిల్లల్ని తీసుకుని మూలాపేటకో, సర్వేపల్లికో, వినోదరాయునిపాలేనికో ఒక గంట వెళ్ళి రండి. గిద్దలూరు, కంభం వైపునుంచి వచ్చే పిల్లల ఇళ్ళల్లో ఫౌజులో చేసి వచ్చిన తాతలుంటారు. వాళ్ళను ఒక పూట క్లాసుకు పిలిచి కూర్చోబెట్టండి, పిల్లలే ప్రశ్నలు అడుగుతారు. ఆ తరం వెళ్ళిపోతోంది. మా మేనమామ పోయి ఆరేళ్ళయింది. అడగాల్సినవి నేనే చాలా అడగలేకపోయాను.

ఆయన ట్రంకు పెట్టె మా ఇంట్లోనే ఉంది. ఉత్తరాలు, ఒక పాత కంబళి, పశ్చిమ బెంగాల్‌లో కొన్న చిన్న ఇత్తడి గ్లాసు ఉన్నాయి అందులో. కావలిలో ఎవరైనా పిల్లల్ని తీసుకొస్తే ఏ ఆదివారమైనా తెరిచి చూపిస్తాను, చెప్పగలిగింది చెబుతాను. నాకు ఫీజు వద్దు, పేరు వద్దు. చెప్పడానికి గొంతు ఇంకా బాగానే ఉంది.

మేడమీద అమ్మాయి ఇప్పుడు బిట్ బ్యాంకు అంచుల్లో పెన్సిల్‌తో రాసుకుంటోంది. నిన్న సాయంత్రం '1972 జూలై 2 – సిమ్లా ఒప్పందం' పక్కన ఒక ప్రశ్న రాసి నాకు చూపించింది: 'అంతమంది ఖైదీలు మన చేతిలో ఉండగా కాశ్మీర్ గొడవ అప్పుడే ఎందుకు తేల్చుకోలేదు?' నాకు తెలిసినంత చెప్పాను. రేపు పొద్దున మొదటి క్లాసులో మీలో ఒకరిని అడుగుతానంది. దయచేసి ఆ పిల్లను కూర్చోమనకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా